అడగకుండ గీసిన గుండు

మంగళవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఐలయ్య మీసం తీసినం. నెత్తి అంతకు ముందే అయింది. ఎదురుగ గోడకు గడియారం ఉండె, గందుకే టైము గింత పక్కాగ యాదికుంది. కత్తి పట్టింది నర్సింలు. పట్టించింది నేను. ఐలయ్య "వద్దు, వద్దు" అని రెండుసార్లు అన్నడు. మేం నవ్వినం. కొత్తగొచ్చినోళ్లందరు గట్లనే అంటరని నవ్వినం.

ఇల్లు లేనోళ్ల షెల్టర్‌ల పనికి చేరే పిల్లలు నన్ను అడుగుతుంటరు, "సత్తవ్వమ్మా, గీ పనిల ముందుగాల ఏం నేర్చుకోవాలె" అని. నాకు తెలిసింది గీ గుండు ముచ్చటే. గదే రాస్తున్న.

నాకు చదువు చెప్పిన సారు

మాది దౌల్తాబాద్ దిక్కు. సిద్దిపేటకు వచ్చి పదేండ్లు రోడ్లు ఊడ్చిన. ఒక సంఘమోళ్లు షెల్టర్ తెరిస్తే అండ్ల కుదిరిన. పేరుకు కేర్‌టేకర్. చేసేది అమ్మ పని, జమాదారు పని, దవాఖాన పని, ఒక్కోపారి పోలీసు పని. పదిహేడేండ్లు చేసి ఇంటికొచ్చిన.

మొదలు నాకు అక్షరం ముక్క రాదు. రిజిస్టర్‌ల పేర్లు వేరేటోళ్లతోని రాయించేదాన్ని. నాకు నలభై మూడేండ్లప్పుడు లక్ష్మణ్ సారని ఒక ముసలాయన వచ్చిండు. జిందగీ అంత బడిల పాఠాలు చెప్పినాయన, చివరికి పాత బస్టాండు బెంచి మీద దొరికిండు. ఎట్ల వచ్చిండో ఆయన చెప్పలే, నేను అడగలే. ఆయనే నాకు పలక పట్టించిండు. ఒత్తుల కాడ నేను తన్లాడుతుంటే "సత్తవ్వా, ముందుగాల ఒత్తులు లేకుండ బతుకు. ఒత్తులు మెల్లగ వస్తయ్" అనెటోడు. ఏడాదికి పేపరు చదివిన. ఇల్లు లేనోనికి ఏం తెల్వదు, ఏం రాదు అని ఎవలన్న అంటే నాకు కోపమొస్తది. నాకు చదువు చెప్పిన సారుకు ఇల్లు లేకుండె.

గంత తెలిసిన నేనే ఐలయ్య కాడ తప్పు చేసిన. అప్పటికి నా ఉద్యోగం పదారేండ్లది. కొత్తల చేసిన తప్పు కాదు, అన్నీ తెలుసనుకున్నంక చేసిన తప్పు.

మా మొదటి రోజు పద్ధతి

రోడ్డు మీదికెళ్లి ఎవలనన్న తీసుకొస్తే మాకొక వరుస ఉండె. స్నానం, గుండు, కొత్త బట్టలు, ఫోటో, రిజిస్టర్. పాత బట్టలు కాలవెట్టేది. మా సెక్రటరీ సారుకు ఫోటోలంటే పానం. రాకముందు ఒకటి, వచ్చినంక ఒకటి. పక్కపక్కన పెట్టి సాయం చేసెటోళ్లకు పంపెటోడు. గడ్డం, జడలు కట్టిన నెత్తి ఒక దిక్కు, నున్నటి గుండు ఒక దిక్కు. చూసినోళ్లు "అబ్బ, ఎంత మారిండు" అనెటోళ్లు. మనిషి మారలే, ఎంటికలే పోయినయ్. గా సంగతి మాకు తెలుసు, సారుకు కూడ తెలుసు. సారు చెడ్డోడు కాదు. చెప్తే వినెటోడు. చెప్పెటోళ్లే లేకుండె.

నేను అబద్ధం రాయ. గుండుతోని లాభముంది. పేన్లు పోతయ్. నెత్తిల పుండ్లుంటే కండ్లవడుతయ్, మందు వెట్టొచ్చు. గని ఐలయ్యకు పేన్లు లేవు, పుండ్లు లేవు. నలభై అయిదేండ్ల మనిషి, బక్కగ, మాట తక్కువ. బస్టాండుల జొరంతోని పడుంటే తెచ్చినం, జొరమని గుండు ఆపినం. మూడు రోజులకు జొరం తగ్గింది. బుధవారం సాయం చేసే పెద్దోళ్లు షెల్టర్ చూడనీకి వస్తున్నరని సారు ఫోన్ చేసి "అందర్ని నీటుగ ఉంచు సత్తవ్వా" అన్నడు. గంతే. నేను నర్సింలును పిలిపించిన.

నర్సింలు మా దిక్కు కటింగ్ షాపు నడిపెటోడు, మంగళవారం దుకాణం బందు కాబట్టి వచ్చి ఊకెనే చేసిపోయెటోడు. నెత్తి అయినంక కత్తి ఆపి నా దిక్కు చూసిండు.

"మీసం కూడనా అక్కా?"

"కూడనే. సగం సగం ఏంది?"

"ఇంట్ల పెద్దోళ్లు ఉన్నరో లేరో అడిగినవా? అమ్మనాయినలు ఉండంగ మీసం తియ్యరు గదా."

"ఉంటే గీడికెందుకొస్తడు నర్సింలూ? నువ్వు కానియ్."

గీ మాట నేనే అన్న. నర్సింలు అడిగింది సరైన మాట, అడగాల్సిన మనిషిని అడగలే అంతే. నేనూ అడగలే. కుర్చీల కూసున్నోడు వింటనే ఉండె. రిజిస్టర్‌ల "తల్లిదండ్రులు" అన్న కాడ "లేరు" అని అప్పటికే రాసి పెట్టిన. కష్టపడి నేర్చుకున్న అక్షరాలతోని గా మాట రాసిన.

బస్టాండు బెంచి

ఆ పగలే ఐలయ్య తువ్వాల నెత్తికి చుట్టుకుని బయటికి పోయిండు. మల్ల రాలే. బుధవారం పెద్దోళ్లు వచ్చిన్రు, చూసిన్రు, అరటిపండ్లు పంచిన్రు, పోయిన్రు. సారు నన్ను పిలిచి "గుండు చేయించినవట, ఫోటో ఏదీ" అన్నడు.

"గుండు పోయింది సార్, మనిషితోని" అన్న.

గురువారం మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని బస్టాండుకు పోయిన. తొగుట బస్సులు ఆగే కాడ కొసకున్న బెంచి మీద కూసున్నడు. తువ్వాల కనుబొమ్మల దాక దించి కట్టిండు.

"ఏం ఐలయ్యా, కొత్త అల్లుని లెక్క అలిగినవా? అన్నం తెచ్చిన, తిను."

"తిన."

"ఎందుకు తినవ్?"

"మా బాపు బతికుండంగ నా మీసం తీసినవ్. ఇగ నీ చేతి అన్నం గూడ తినాల్నా?"

 నాకు ఒప్పుకోబుద్ధి కాలే. మనిషి గుణం గంతే. "మీ బాపు ఏ ఊర్ల ఉన్నడు మరి" అన్న, జెర ఎటకారంగనే. ఊరి పేరు చెప్పిండు. తొగుట దిక్కు ఊరు. లేచి పోయి బస్సుల టైము చెప్పేటాయనను అడిగిన. "గా ఊరికి బస్సు లేదమ్మా" అన్నడు. ఇంకేముంది, నేను అనుకున్నదే నిజం, గీనికి మతి సక్కగ లేదు అనుకుని డబ్బా బెంచి మీద పెట్టి వచ్చిన.

వంట చేసే మరియమ్మకు చెప్పిన. ఆమె బియ్యం చెరుగుతుండె. చాట కింద పెట్టింది.

"అక్కా, బస్సెట్ల ఉంటది? గా ఊరు నీళ్ల కింద ఉంది. మల్లన్నసాగర్ రిజర్వాయర్‌ల మునిగింది. మా మేనత్తను గా ఊర్లనే ఇచ్చిన్రు. అందరు గజ్వేల్ కాడి కాలనీకి పోయిన్రు."

"మరి వీడు?"

"వానికి మతి మంచిగనే ఉందక్కా. మనమే సగం అడిగి వచ్చినం" అన్నది. మరియమ్మ నాకంటే పదేండ్లు చిన్నది. గట్ల ఇంకెవలన్న అంటే ఊకునేదాన్ని కాదు.

మల్ల పోయిన. గీపారి డబ్బా ముచ్చట తియ్యలే. ముందుగాల "తప్పు నాది" అన్న. బెంచికి ఇంకో కొసకు కూసున్న.  అప్పుడు చెప్పిండు.

బొంబాయి దిక్కు భీవండి మగ్గాల కాడికి పోయి పనిచేసెటోడు. ఊరు ఖాళీ చేస్తరన్న మాట లేసినప్పుడు వచ్చి బాపుతోని లొల్లి పెట్టుకున్నడు. ఈయన ముందే పోదామంటడు, ముసలాయన కదల అంటడు. మాట మీద మాట పెరిగి, బాపు "పో, నేను సచ్చినంకనే గడప తొక్కు" అన్నడట. ఈయన పోయిండు. ఫోన్ పోయింది, నంబర్లు పోయినయ్, మగ్గం పని పోయింది. ఏండ్లకు తిరిగొస్తే ఊరు లేదు, నీళ్లున్నయ్. కాలనీ ఎక్కడుందో ఎవలో చెప్పిన్రు. గజ్వేల్ దాక రెండుసార్లు పోయిండు, కాలనీ దిక్కు అడుగు పడలే, తిరిగొచ్చిండు.

"జొరం తగ్గినంక ఈపారి పోదామనే అనుకున్న" అన్నడు. "కాళ్లు మొక్కి, తప్పయింది బాపూ అందామనుకున్న. గిప్పుడు గుండుతోని ఎట్ల పోవాలె? నువ్వు సచ్చినవని గీసుకొచ్చిన అని చెప్పినట్టు ఉండదా? సచ్చినంకనే రా అన్నోని ముందటికి?"

"ఎంటికలు వస్తయ్ కదా."

"వచ్చినంకనే పోత."

"అప్పటిదాక ముసలోళ్లు ఉండాలె గదా ఐలయ్యా."

 "నేను పోయి చూసి వస్తనా" అన్న. దానికి ఏం అనలే. ఏం అనకపోవుడు ఒప్పుకున్నట్టు కాదు. మీరు గది యాదికుంచుకోండి. నేను మాత్రం గారోజు ఒప్పుకున్నట్టే తీసుకున్న.

సాయం చేస్తమనెటోళ్లకు

జెర ఆగి ఒక మాట చెప్త, మల్ల ఐలయ్య కాడికే వస్త.

ఇల్లు లేనోడంటే మనకు మూడు గుర్తులు: ఆకలి, చలి, మురికి. గందుకే అన్నం పెడతరు, దుప్పటి ఇస్తరు, స్నానం చేయిస్తరు. ఐతారం నాడు మా షెల్టర్‌కు పుట్టినరోజుల అన్నం మూడిండ్ల కెళ్లి వచ్చేది, పారబోసేది. బుధవారం అడుగుదామంటే ఎవ్వలు దొరకకపోయెటోళ్లు. చలికాలం మనిషికి నాలుగు దుప్పట్లు. చెప్పులు, లోపలి బట్టలు, కండ్లద్దాలు ఇచ్చినోళ్లను నేను వేళ్ల మీద లెక్కపెడత. అడిగి ఇచ్చినోళ్లు ఇంకా తక్కువ.

బాలమణి అని ఒకామె షెల్టర్‌కు రానంటే రాకపోయేది. మొండిది, రోడ్డుకు అలవాటు పడ్డది అని రాసుకున్నం. ఒకనాడు మరియమ్మ ఊకెనే అడిగింది, "ఎందుకు రావమ్మా" అని. "మీ బాత్రూము తలుపుకు గొల్లెం లేదు" అన్నది. గొల్లెం పెట్టిచ్చినం. సాయంత్రానికి మూట పట్టుకొచ్చింది. ఆమె మొండిది కాదు, మేం గుడ్డోళ్లం.

ఇంకోటి. రోడ్డు మీద ఉన్నోళ్లందరికి ఎవ్వలు లేరనుకోకండి. చానామందికి ఉన్నరు. పోవద్దని ఒక మాట అడ్డం పడి ఉంటది, గంతే. గా మాట ఏందో తెలుసుకునుడే మన పని. ఒక్కోపారి గా మాట నిజమే ఉంటది. తన్నే మొగని కాడికి ఆడిబిడ్డను "కలిపినం" అని సంబురపడి తోలినోళ్లను కూడ చూసిన. మూడు రోజులకు చెయ్యి ఇరిగి మల్ల వచ్చింది. గందుకే ముందుగాల ఇల్లు చూసిరావాలె, ఆ ఇంట్లోళ్ల మొఖం చూడాలె. ఫోన్ల తేలేది కాదు.

గజ్వేల్ కాడి కాలనీ

శుక్రవారం పొద్దున గజ్వేల్ బస్సెక్కిన. కాలనీల ఇండ్లన్నీ ఒక్క తీరుగ ఉన్నయ్. ఐలయ్య తల్లి రామవ్వ ఇల్లేదని నలుగురిని అడిగితే ఒకామె చూపిచ్చింది. గుమ్మంల ఒక ముసలవ్వ చింతపండు గింజలు తీస్తుంది.

"రామవ్వ నువ్వేనా అవ్వా?"

"నేనే. నువ్వెవలవు? ఓట్లోళ్లా, పింఛనోళ్లా?"

"కాదవ్వా. ఐలయ్య గురించొచ్చిన."

ఆమె చెయ్యి ఆగింది. తల మాత్రం ఎత్తలే.

"సచ్చిండని చెప్పనీకొచ్చినవా, బతికున్నడని చెప్పనీకొచ్చినవా? ముందుగాల గదొక్కటి చెప్పు."

"బతికున్నడు. సిద్దిపేటల ఉన్నడు."

"లోపటికి రా" అన్నది.

లోపల గోడకు ముసలాయన ఫోటో, దానికి దండ. కింద పేరు రాసుంది. నేను ఒక్కొక్క అక్షరం కూడవెట్టుకుని చదివిన. మల్లయ్య. ఐలయ్య చెప్పిన బాపు పేరు గదే. నీళ్లు తాగమని చెంబు ఇచ్చింది, కింద పెట్టిన.

ఎప్పుడు పోయిండని అడిగిన. "రెండు వానకాలాలైంది" అన్నది. "తలకొరివి మా పాలోళ్ల, దాయాదుల పిల్లగాడు పెట్టిండు. వీనికి కబురు చేద్దామంటే యాడికని చేస్తం?"

నేనొచ్చిన సంగతంత చెప్పిన. దాచలే. కుర్చీల కూసోబెట్టింది, వద్దంటే నవ్వింది, నెత్తి గీయించింది, అంత. అన్నీ నా పేరు మీదనే చెప్పిన. తిడతదనుకున్న, తిడితే మంచిగుండేది అని కూడ అనుకున్న.

"మీసం గూడనా?" అన్నది.

"మీసం గూడ."

ఫోటో దిక్కు చూసింది. 

"బాపు పోయిన సంగతి వానికి తెలుసా?"

"తెల్వదవ్వా. ఉన్నడనే ఎంటికల కోసం ఆగిండు."

"నువ్వు చెప్పకు. నువ్వు చెప్పే మాట కాదు. రేపు నేనొస్త."

"నేను తోలుకొస్త, ఇయ్యాల నాతోని రా" అన్న. "ఇయ్యాల నాకు పనుంది" అన్నది. ఆ పనేందో నేను అడిగిన, గీపారి అడుగుడు మర్వలే. "ఇయ్యాల ఏడువాలె" అన్నది. "వాని ముందట ఏడిస్తే వాడు లేచి మల్ల పోతడు."

తిరుగు బస్సుల నాకు ఒక్కటే ఫికరు. నేను పట్టించిన కత్తి చేసిన దానికి ఆ మనిషి తల్లిని చూడంగనే ఏం చేస్తడో. బాపు లేడని తెలిస్తే, తన గుండే ఆయన సావు తెచ్చిందనుకుంటడు. 'ఉంటే గీడికెందుకొస్తడు' అన్న నీ నోటి మాటే తాకిందని నన్నంటడు. లేచి ఎటన్న పోతే ఇగ దొరకడు. బస్టాండుకు పోయి "రేపు షెల్టర్‌కు రా, ఒకలు నీ కోసం వస్తున్నరు" అని మాత్రం చెప్పిన. "ఎవలు" అన్నడు. "వస్తే తెలుస్తది, ఇష్టం లేకుంటే రాకు" అన్న. వస్తడని నమ్మకం లేదు.

శనివారం

వచ్చిండు. వాకిట్ల వేపచెట్టు నీడకు కూసున్నడు, తువ్వాల గట్లనే ఉంది. నర్సింలు దుకాణం ఇడిసిపెట్టి వచ్చిండు. రమ్మని నేను పిలవలే. సెక్రటరీ సారు ఏదో పని మీద వచ్చి, మా మొఖాలు చూసి ఆగిపోయిండు. ఫోన్ బయటికి తీసిండు. "వద్దు సార్" అన్న. జేబుల పెట్టుకున్నడు.

ఆటో దిగి రామవ్వ సక్కగ కొడుకు కాడికి పోయింది. ఐలయ్య లేచిండు గని రెండు చేతులతోని తువ్వాల ఇంకా కిందికి గుంజుకున్నడు.

"తువ్వాల తియ్."

"తియ్య అవ్వా."

"తియ్ బిడ్డా."

"బాపు వచ్చిండా?" అని గేటు దిక్కు చూసిండు.

 చెయ్యెత్తి తువ్వాల ఆమే తీసింది. అప్పటికి నాలుగు రోజులు, నెత్తి మీద నల్లగ గింతంత మొలిచింది. దాని మీద అరచెయ్యి పెట్టి ముందు కెళ్లి ఎనుక దాక నిమిరింది. పై పెదవి మీద బొటనవేలు పెట్టి చూసింది.

"ఎవలు గీసిన్రు?"

"నేనే అవ్వా" అన్నడు నర్సింలు. 

"మంచిగ గీసినవ్. యాడ తెగలే."

మల్ల కొడుకుతోని అన్నది: "మీ బాపు పోయి రెండు వానకాలాలైంది ఐలయ్యా. గీ గుండు ఆయనది. జెర ఆలిశం అయింది, గంతే. వీళ్లు తెల్వక చేసిన్రు, సరైన పనే చేసిన్రు."

 ఐలయ్య నిలవడ్డ కాడనే మట్టిల రెండు చేతులు ఆనించి కూసున్నడు. మేం ఎవ్వలం ముందుకు పోలే. తల ఎత్తకుండనే అడిగిండు.

"నా గురించి ఏమన్న అన్నడా?"

"ఏమంటడు? నోటితోని ఏం అనలే. ఊరు ఖాళీ చేసినప్పుడు ట్రాక్టర్ తెస్తే ముందుగాల నీ మంచం ఎక్కిచ్చిండు. పాత మంచం, నవారు తెగింది, ఎందుకు అని ట్రాక్టరోడు అంటే వాని మీద లేసిండు. కాలనీల ఆయన కింద పండుకున్నడు గని దాని మీద పండలే, నన్ను పండనియ్యలే. గట్లనే ఉంది. ఇగ నడువు, వచ్చి దాన్ని నువ్వే అల్లుకో."

సావు కబురు ఎప్పుడు తెలిస్తే అప్పుడు నెత్తి మీద నీళ్లు పోసుకోవాలె. మరియమ్మది వేరే పద్ధతి, అయిన గని ఆమెకే ముందు తోచింది. బకీటు నింపి తెచ్చి పెట్టింది. నేను చెంబు అందుకోబోయి ఆగిన. "అవ్వా, నువ్వు పోస్తవా, మమ్మల్ని పొయ్యమంటవా" అని అడిగిన.

"నేనే పోస్త" అన్నది.

ఒక్కొక్క చెంబు నెత్తి మీద పోసింది. ఐలయ్య మొఖం మీద నుంచి ఏ నీళ్లు కారుతున్నయో మాకు తెల్వలే. బకీటు అయిపోయినంక తడి బట్టల మీదనే ఆటో ఎక్కబోతుంటే నర్సింలు తన అంగీ ఇప్పి ఇచ్చిండు, బనీను మీదనే నిలవడ్డడు.

ఆ శనివారం వాకిట్ల ఉన్నోళ్లం గీళ్లం: అన్నం పొయ్యి మీద మర్చిపోయిన మరియమ్మ. బనీను మీద నర్సింలు. ఫోటో తియ్యని సెక్రటరీ సారు. తలుపు సందు నుంచి చూసిన బాలమణి. కిరాయి ముచ్చట ఎత్తకుండ ఆగిన ఆటో అతను, గజ్వేల్ సలీం. చెంబు ముట్టని నేను, సత్తవ్వ. కాలనీ నుంచి వచ్చిన రామవ్వ. రామవ్వ, మల్లయ్యల కొడుకు ఐలయ్య.